చూడ్డానికేముందిక్కడ?

మా గోదావరి జిల్లాల వాళ్ళకి ఒక అలవాటుంది. ఇంటికొచ్చిన చుట్టానికి కాళ్ళకి నీళ్ళిస్తారు. కాఫీ ఇస్తారు. వెళ్తానంటే చెప్పులు దాచేస్తారు. విస్తట్లో చోటు మిగలకుండా వడ్డించి, ఇంకా ఏమీ తినలేదని నొచ్చుకుంటారు. ఇంత మర్యాద చేసినవాళ్ళూ, ఆ చుట్టం కాస్తా చెయ్యి కడుక్కుని "మీ ఊళ్ళో చూడవలసినవేమున్నాయండీ?" అని అడిగాడో, ఠక్కున ఒకటే మాట అనేస్తారు. "ఆఁ, ఇక్కడ చూడ్డానికేముందండీ!"

ఈ మాటలో ఉన్నది వినయమో, విసుగో నాకింతవరకూ అంతుపట్టలేదు. మాది భీమవరం. పంచారామాల్లో ఒకటైన సోమారామం మా గునుపూడిలోనే ఉంది. గంట ప్రయాణంలో కొల్లేరుంది. మరోవైపు గంట వెళ్తే సముద్రముంది. అయినా మా వారు, నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, ఎవరడిగినా సరే, "ఇక్కడేముందండీ, చేపల చెరువులూ రైసు మిల్లులూ తప్ప! పాపికొండలు వెళ్ళండి" అని చెయ్యి ఉత్తరానికి చూపిస్తారు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు.

అలాంటి ఇంటికి మొన్న సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడుగారు, పిల్లలిద్దరూ అమెరికా నుంచి వచ్చారు. వచ్చిన రెండో రోజున మా మనవరాలు, పదేళ్ళది, నోటు పుస్తకం ఒకటి పట్టుకుని నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "అమ్మమ్మా, ఇక్కడ మనం కాంపింగ్‌కి ఏ లేక్‌కి వెళ్తాం? వైనరీ ఎక్కడుంది?" అంది.

ఆ మాటకి వంటింట్లోంచి మా అత్తగారి దగ్గు వినిపించింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. చెవులు సగమే పనిచేస్తాయంటారు గాని, ఆ సగం ఏదో ఎప్పటికప్పుడు ఆవిడే ఎంచుకుంటారు.

పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. వాళ్ళుండేది న్యూయార్క్ రాష్ట్రంలో. మూడేళ్ళ క్రితం నేనూ మా వారూ వెళ్ళినప్పుడు మమ్మల్ని ఫింగర్ లేక్స్ అనే చోటికి తీసుకెళ్ళారు. పదకొండు సరస్సులు. ఎప్పుడో మంచుయుగంలో హిమనదాలు నేలని దున్నుకుంటూ పోతే మిగిలిన చాళ్ళట అవి. పటంలో చూస్తే ఎవరో వేళ్ళు చాచి పెట్టినట్టు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అందులో సెనెకా అనే సరస్సు ఒడ్డున గుడ్డ డేరా వేసుకుని రెండు రాత్రులు పడుకున్నాం. ఇల్లూ వాకిలీ మంచమూ పరుపూ ఉన్నవాళ్ళు, డబ్బిచ్చి మరీ అవేవీ లేనిచోట పడుకోవడమేమిటో మా వారికి ఎంత లెక్కవేసినా తేలలేదు.

ఆ ఒడ్డు పొడుగునా ద్రాక్షతోటలు. తోటతోటకీ ఒక సారాయి సావిడి. దాన్నే వైనరీ అంటారు. మొగవాళ్ళూ ఆడవాళ్ళూ చక్కగా ముస్తాబై, గుడికెళ్ళినట్టు వరసలో నుంచుని, ఉద్ధరిణెడు ఉద్ధరిణెడు చొప్పున పుచ్చుకుని, కళ్ళు మూసుకుని రుచి చెబుతారు. నాకు ఉత్త ద్రాక్షరసం ఇచ్చారు. అక్కడ పనిచేసే అమ్మాయిని, "ఇంత మంచు పడే చోట ద్రాక్ష ఎలా బతుకుతుందమ్మా?" అని అడిగించాను. ఆ అమ్మాయి సరస్సు వైపు చూపించింది. అది బాగా లోతైనదట. ఎండాకాలమంతా వేడిని కడుపులో దాచుకుని, చలికాలం రాగానే నెమ్మదిగా ఒడ్డుకి వదులుతుందట. ఆ వెచ్చదనానికే తీగలు బతుకుతాయట. "ఈ సరస్సు లేకపోతే ఈ తోటలూ లేవు" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

ఇంకొకటి కూడా ఉండిపోయింది. అక్కడ ప్రతిదానికీ బోర్డే! చిన్న జలపాతానికో బోర్డు, పాత ఇంటికో బోర్డు, పెద్ద చెట్టుకో బోర్డు. ఇక్కడ ఫలానాది ఉంది, ఆగి చూసి వెళ్ళండి అని. మా మనవరాలు పుట్టిన దగ్గర్నుంచీ ఆ బోర్డుల మధ్య పెరిగింది. అమ్మమ్మగారి ఊరన్నాక అక్కడా ఒక సరస్సూ, ఒక వైనరీ, నాలుగు బోర్డులూ ఉండవా మరి?

"వైనరీలు లేవు గాని వైన్ షాపులున్నాయమ్మా. వాటిల్లో వైన్ తప్ప మిగతావన్నీ దొరుకుతాయి" అన్నారు మా వారు. అది రాసుకోబోతుంటే ఆపాను. కాసేపటికి పిల్ల పటం చూసి గావుకేక పెట్టింది. "తాతయ్యా, దొరికింది! ద్రాక్షారామం! ద్రాక్ష అంటే గ్రేప్స్, ఆరామం అంటే గార్డెన్!" అక్కడి తెలుగు బడిలో ఆమాత్రం నేర్పారు మరి. అది ద్రాక్షతోట కాదమ్మా, దక్షుడి ఆరామం, దక్షారామమే జనం నోట్లో పడి ద్రాక్షారామమైంది, అక్కడ భీమేశ్వరస్వామి ఉంటాడు అని నచ్చచెప్పేసరికి మొహం చిన్నబుచ్చుకుంది.

అప్పుడు మా అత్తగారు వంటింటి గడపలోకి వచ్చి నుంచుని, "కొల్లేరుకి పోదాం. నేనూ వస్తాను" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక ఊరు. అన్నగారు పోయాక, వాళ్ళ పిల్లలు అమ్ముకుని పట్నాలకి వెళ్ళిపోయాక, ఆవిడ అటువైపు వెళ్ళి నలభై ఏళ్ళ పైమాటే. ఎప్పుడైనా తీసుకెళ్తామంటే, "ఎవరున్నారని? ఏముందక్కడ చూడ్డానికి?" అనేవారు. అలాంటిది తనంతట తనే బయల్దేరతానంటే, ఇక కాదనేవాళ్ళెవరు?

మా తమ్ముడు ఆకివీడు అవతల చేపల చెరువులు చేస్తాడు. అభయారణ్యం హద్దుకి బయట, పట్టా భూముల్లో లెండి. గట్టు మీద కాపలావాడి పాక ఉంది, బోరింగు ఉంది. డేరా వేసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? కాని గోదావరి జిల్లాలో సంక్రాంతి అల్లుణ్ణి చెరువు గట్టు మీద పడుకోబెట్టడమంటే మాటలా? సంగతి తెలిసి ఎదురింటివాళ్ళు నొసలు చిట్లించారు. మా ఆడపడుచు ఫోను చేసి, "వదినా, అల్లుడికి మంచం వెయ్యడానికి ఇంట్లో చోటు చాల్లేదా?" అంది. అల్లుడుగారు మాత్రం, "అత్తయ్యగారూ, నాకు చాపా దుప్పటీ ఉంటే చాలండీ" అన్నారు. అల్లుడన్నవాడు ఆ మాట అనడం మా వీధిలో అదే మొదలు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ముక్కనుమ కూడా వెళ్ళాక, మర్నాడు మధ్యాహ్నం కదిలాం. "ఏం పట్టుకెళ్ళక్కర్లేదమ్మా, కాంపింగ్ అంటే తేలిగ్గా వెళ్ళడమే" అని మా అమ్మాయి చెబుతూనే ఉంది. నేను తేలిగ్గానే సర్దాను. పులిహోర, పెరుగన్నం, అరిసెలు, జంతికలు, ఆవకాయ జాడీ, రెండు జంపఖానాలు, దోమతెరలు, అత్తగారి రుబ్బురోలు కాదు గాని ఆవిడ తమలపాకుల రోలు, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, అమృతాంజనం. కారు వెనక తలుపు మూతపడక, తాడు కట్టాం.

ఉండి దాటి, ఆకివీడు దాటి, ఉప్పుటేరు వంతెన ఎక్కాం. రోడ్డుకి అటూ చెరువులే, ఇటూ చెరువులే. నలుచదరంగా గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, నీళ్ళలో వరసగా పాతిన కర్రలకి కట్టిన తవుడు బస్తాలు. కొంతసేపటికి మా మనవరాలు అడిగింది. "లేక్ ఎక్కడ?" మా తమ్ముడు దారి చూపించడానికి వంతెన దగ్గరే కారెక్కాడు. "ఇదంతా ఒకప్పుడు కొల్లేరేనమ్మా" అన్నాడు. మా అత్తగారు కిటికీకి మొహం ఆనించి కూర్చున్నారు. పావుగంట ఆగి ఆవిడా అదే ప్రశ్న వేశారు. "కొల్లేరేదిరా అబ్బాయీ?"

పదేళ్ళ పిల్లా, ఎనభై నాలుగేళ్ళ పెద్దావిడా ఒకే కారులో కూర్చుని ఒకే ప్రశ్న అడుగుతుంటే మా తమ్ముడు చటుక్కున జవాబు చెప్పలేకపోయాడు.

అసలు సంగతేమిటంటే, కొల్లేరు గోదావరి, కృష్ణ డెల్టాల మధ్య పళ్ళెం లాంటి పల్లం. మన దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్ళన్నీ వచ్చి అందులో పడతాయి. ఆ నీరంతా పళ్ళెంలో పరుచుకుని, నెమ్మదించి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతుంది. 1970ల తర్వాత ఆ పళ్ళెంలో చేపల చెరువులు లేచాయి. వరికన్నా చేపలో నాలుగు డబ్బులు కనబడితే ఎవరు మాత్రం ఆగుతారు? మా తమ్ముడు తన కూతుర్ని ఇంజనీరింగు చదివించింది ఆ చేపలతోనే. గట్టు పక్కన గట్టు, దాని పక్కన ఇంకో గట్టు. 1999లో ప్రభుత్వం కొల్లేరుని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా నీరు పరుచుకునే మేర, 308 చదరపు కిలోమీటర్లు. దాన్నే అయిదో కాంటూరు అంటారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద ప్రపంచమంతా కాపాడుకోవలసిన చిత్తడి నేలల జాబితాలోనూ చేరింది. 2006లో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. అప్పుడు పొట్ట కొట్టుకుపోయిందని ఏడ్చిన లంక కుటుంబాలూ ఉన్నాయి. ఆ తర్వాత కొన్నిచోట్ల గట్లు మళ్ళీ లేచాయి కూడాను.

సాయంత్రానికి తమ్ముడి చెరువు గట్టు మీద డేరా లేచింది. అల్లుడుగారూ మా వారూ కలిసి వేశారు. మా వారు కొలతలు చెప్పారు, అల్లుడుగారు మేకులు కొట్టారు. అంతలో చెరువు మీదికి తెల్లటి పెద్ద పిట్టలు నాలుగు దిగాయి. సంచీ లాంటి ముక్కులు. కాపలా కుర్రాడు డబ్బా వాయిస్తూ పరిగెత్తాడు. పిట్టలు లేచిపోయాయి. "అవి గూడబాతులక్కా. పెలికాన్లంటారే, అవే. ఒక్కోటి దిగిందంటే చేపలకి మూడినట్టే" అన్నాడు తమ్ముడు. మనవరాలు నోటు పుస్తకం తెరిచి, "రేపు మనం టికెట్ కొనుక్కుని వెళ్ళి చూసే పెలికాన్లు ఇవేనా?" అంది. అవునన్నాను. "మరి ఇక్కడ ఎందుకు తరిమేస్తున్నారు?" అంది. దానికి జవాబు రేపు చెబుతానన్నాడు తమ్ముడు.

రాత్రి భోజనాలయ్యాక, చలిమంట చుట్టూ జంపఖానా మీద కూర్చున్నాం. తేగలు కాల్చాం. మా అత్తగారు తేగ నారలు తీసి మనవలకి పెడుతూ, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టారు.

"నన్ను కాపరానికి తాటిదోనెలో పంపించారు తెలుసా? తాడిమాను తొలిచి చేసిన దోనెలు రెండు పక్కపక్కన కట్టి, పైన బల్ల వేశారు. సారె ఒక దోనె, నేనొక దోనె. కిక్కిస మనిషెత్తున్నర ఉండేది. ఆ కిక్కిసలో సందులు. మన వీధుల్లాగే వాటికీ పేర్లు. ఏడుస్తూ కూర్చున్నానా, మా నాన్న, నీళ్ళు తాగమ్మా అన్నాడు. వంగి దోసిలితో తాగాను. అంత తేట. దోనె తగిలి ఒక్కసారి పిట్టలు లేచాయి. ఆకాశం కనబడలేదు. ఏడుపు ఆగిపోయింది."

ఆరేళ్ళ మనవడు, "తర్వాత?" అన్నాడు. "తర్వాతేముంది, మీ ముత్తాతగారి వంటింట్లోకి వచ్చి పడ్డాను" అన్నారావిడ. మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు మాత్రం ఆవిడ చెప్పిన ఆ దోసిలి నీళ్ళే కళ్ళలో మెదిలాయి. మా పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది. ఆవిడ నోట ఆ దోనె సంగతి వినడం అదే మొదలు.

డేరాలో మొగవాళ్ళు, పిల్లలు. పాకలో ఆడవాళ్ళం. దోమలు మాత్రం ఎవరినీ వేరు చెయ్యలేదు.

తెల్లవారుజామున అయిదింటికి తమ్ముడు మమ్మల్ని లేపాడు. "రండి, మన వైనరీకి పోదాం" అన్నాడు. కాలవ గట్టు మీద తాడిచెట్ల వరస. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. ఇక కల్లు గీసే చెట్టు కిందికి, కోడలూ అత్తా కూతురూ మనవరాలూ నలుగురు ఆడవాళ్ళం ఎదురెదురుగా నడిచి వెళ్తుంటే చూసినవాళ్ళు ఏమనుకోవాలి? నా మనసులో ఇంకో సంగతి కూడా తొలుస్తోంది. సారా మూలంగా ఇళ్ళు గుల్లయి, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో కొంగులు బిగించి తిరగబడితే, రాష్ట్రమంతా ఆ ఉద్యమం పాకి, 1993లో సారాని నిషేధించారు. ఆ రోజుల్లో మా వీధిలోనూ ఆడవాళ్ళం ఊరేగింపుకి వెళ్ళాం. అలాంటిదాన్ని మనవరాల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి రావడమేమిటని కాళ్ళు కొంచెం బరువెక్కిన మాట నిజం. కాని తమ్ముడు చూపించబోయేది సారా కాదు, కల్లు కూడా కాదు. నీరా.

చెట్టు మొదట్లో గీతకార్మికుడు నడుముకి మోకు బిగించుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. కాళ్ళకి బంధం వేసుకుని, చేతులతో మానుని కావిలించుకుని, చీకట్లో ఎక్కిపోయాడు. పైన, పోతుతాడి పూతకొమ్మ చివర రోజూ సన్నటి పొర కోస్తాడట. కోసినచోట బొట్టుబొట్టుగా కారే రసం రాత్రంతా కుండలోకి పడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే అది పులవదు. అదే నీరా. సున్నం లేకపోతే, పొద్దెక్కేకొద్దీ పులిసి కల్లవుతుంది. అంతే తేడా. ఆ చలి దేశంలో ద్రాక్షని నెలల తరబడి పీపాల్లో మాగబెడతారు. మన తాడిచెట్టుకి పీపా, మాగడం అక్కర్లేదు. తెల్లారేలోగా పని పూర్తి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళు, రంపచోడవరం వైపు పందిరిమామిడిలో ఉన్న తమ పరిశోధనా స్థానంలో, ఈ నీరా ఎక్కువసేపు నిలవ ఉండే మార్గాలు, తాటిబెల్లం చెయ్యడం, ఇవన్నీ శోధిస్తున్నారని అల్లుడుగారే నాకు చెప్పారు. ఊరివాళ్ళం మాకు తెలియని సంగతి, అంత దూరాన్నుంచి వచ్చినాయన చదువుకుని వచ్చారు!

చెట్టు కింద అతని భార్య నుంచుని ఉంది. మాతో మాట్లాడుతోంది గాని, చూపు మాత్రం పైనే. "కూర్చోమ్మా" అన్నాను. "ఆయన దిగాక కూకుంటానండి" అంది. రోజుకి రెండుసార్లు ఎక్కుతాడట. ఏటా ఎవరో ఒకరు పడ్డారని చుట్టుపక్కల వింటూనే ఉంటారట. "పెళ్ళయిన కాడ్నించీ ఇంతేనండి. ఆయన ఆఖరి చెట్టు దిగేదాకా నేను పొయ్యి ముట్టించనండి" అంది. కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉన్నారు. చెట్టెక్కరు. "ఎక్కొద్దనే నేనూ చెప్పానండి. మా తరంతో సరండి ఇది" అంది.

ఆ దేశపు సావిడిలో రుచి చూసినవాళ్ళు కళ్ళు మూసుకున్నారని చెప్పాను కదా. ఇక్కడ ఈవిడ మాత్రం రోజుకి రెండుసార్లు, ముప్ఫై ఏళ్ళుగా, కళ్ళార్పకుండా పైకి చూస్తూ నుంచుంటోంది. ఇది ఏ బోర్డు మీదా ఉండదు.

అతను దిగాడు. ముంతలోంచి గ్లాసుల్లోకి వడకట్టి పోశాడు. చల్లగా, తియ్యగా, కొబ్బరినీళ్ళకి చెల్లెలిలా ఉంది. మా వారు ఒక గుక్క తాగి, మొహమాటానికి నా వైపు చూశారు. నేను సగం గ్లాసు తాగాను. మా అత్తగారు గ్లాసు ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకుని, "ఇంకాస్త పొయ్యి నాయనా" అన్నారు. ఇంట్లో దగ్గిన దగ్గు ఏమైందో మరి!

మనవరాలు పాకలోంచి అట్టముక్క తెచ్చి, ఏదో రాసి, తాడుతో చెట్టుకి కట్టింది. గీతకార్మికుడి భార్య, "పాప ఏం రాసిందండి?" అని అడిగింది. చదివాను. "ఇక్కడ నీరా దొరుకును. పొద్దున్నే రావాలి. చాలా కష్టపడి తీస్తారు." ఆవిడ కాసేపు ఆలోచించి, "ఎక్కేటాయన పేరు కూడా రాయమనండి" అంది. పిల్ల అడిగి తెలుసుకుని, పెద్దక్షరాలతో రాసింది. ఆయన సిగ్గుపడి మోకు సర్దుకున్నాడు గాని, మేం వచ్చేస్తుంటే తిరిగి చూశాను. బోర్డు తిన్నగా ఉందో లేదో చూసి సరిచేస్తున్నాడు.

తొమ్మిదింటికి కైకలూరు పక్కన ఆటపాక వెళ్ళాం. అక్కడ అటవీశాఖవాళ్ళ పక్షుల కేంద్రం ఉంది. టికెట్టు కొనుక్కుని పడవెక్కాం. నీళ్ళ మధ్య చెట్లు, చెట్లు చాలక ఇనప స్టాండ్లు. వాటి మీద అంగుళం ఖాళీ లేకుండా గూడబాతుల గూళ్ళు. పిల్లలు తల్లి నోట్లోకి తల మొత్తం దూర్చి చేప లాక్కుంటున్నాయి. "మా చిన్నప్పుడు నువ్వూ ఇలాగే పెట్టేదానివి కదమ్మా, వద్దన్నా వినకుండా" అంది మా అమ్మాయి. ఎర్రకాళ్ళ కొంగలు పక్కవాటాలో కాపరం. మా వారు గూళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండు వందల దగ్గర తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.

1946లో నీలకంఠన్ అనే కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు మన కొల్లేటి ప్రాంతంలో ఈ గూడబాతుల కాలనీని చూసి లోకానికి చెప్పాడు. వేలకొద్దీ పక్షులు. ఆ కాలనీ 1970ల నడిమికల్లా ఖాళీ అయిపోయింది. ఈ ఆటపాక గూళ్ళు ఆ తరవాతి కథ. పరాయి ప్రాంతంవాడు వచ్చి చూసి మురిసిపోయినదాన్ని, ఇక్కడివాళ్ళం "ఏముందిక్కడ" అనుకుంటూ ఉండగానే, అది కాస్తా లేచిపోయింది. ఉందని చెప్పుకోనిది పోయినా పోయిందని తెలియదు కదా!

తమ్ముడు నిన్నటి బాకీ అక్కడ తీర్చాడు. పడవలో మనవరాలి పక్కన కూర్చుని, "అమ్మా, ఇక్కడ వాటికి గూడుంది, తిండి మాత్రం మా చెరువుల్లో ఉంది. వాటి తప్పు లేదు, నా తప్పూ లేదు. మధ్యలో ఉండాల్సిన కొల్లేరే తగ్గిపోయింది" అన్నాడు. తర్వాత నాతో మెల్లిగా, "వరద ఎక్కువొచ్చిన ఏడు నా గట్టు కూడా తెగుతోందక్కా. చేపలన్నీ ఉప్పుటేట్లో పడి పోతాయి. నీళ్ళకి పడుకునే చోటుంటేనే మన గట్టు నిలబడేది" అన్నాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ మునిగింది మీరందరూ చూసే ఉంటారు. ఆ బుడమేరు వచ్చి చేరేది ఇక్కడికే. అప్పుడు లంక ఊళ్ళ దారులూ మునిగాయి. సెనెకా ఒడ్డున ఆ అమ్మాయి చెప్పిన మాట నాకు అక్కడ మళ్ళీ గుర్తొచ్చింది. వాళ్ళ సరస్సు ద్రాక్షతోటల్ని చలి నుంచి కాస్తోంది. మన కొల్లేరు ఊళ్ళనీ వరిచేలనీ వరద నుంచి కాస్తోంది. వాళ్ళకి ఆ సంగతి పానీయాలు పోసే అమ్మాయికి కూడా కంఠతా వచ్చు. మనలో ఎంతమంది పిల్లలకి చెప్పాం?

చివరికి కొల్లేటికోట వెళ్ళాం. ఒకప్పుడు పడవ మీదే వెళ్ళవలసిన ద్వీపం, ఇప్పుడు రోడ్డుంది. పెద్దింట్లమ్మవారి దర్శనం అయ్యాక, మా అత్తగారు కర్ర పుచ్చుకుని నీటివైపు నడిచారు. అక్కడ గట్లు లేవు. గుర్రపుడెక్క కొంత, ఆవల కిక్కిస, ఆ ఆవల చూపు ఆనినంత మేరా నీళ్ళు. పైన పిట్టల బారు.

ఆవిడ చాలాసేపు నుంచున్నారు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుంటే వంగి, వేళ్ళతో నీళ్ళు తాకి, నెత్తిన చల్లుకున్నారు. "తాగనా?" అన్నట్టు నా వైపు చూశారు. వద్దని తలూపాను. "తెలుసులే. ఇప్పుడు ఎవరు తాగుతారు ఈ నీళ్ళు?" అన్నారు. తర్వాత మనవరాలిని పిలిచి, చూపుడు వేలు చాపి, "ఇదమ్మా కొల్లేరు. రాసుకో" అన్నారు. పిల్ల రాసుకుంది. పైన తారీకు కూడా వేసుకుంది.

అమ్మాయి వాళ్ళు వెళ్ళిపోయి పదిహేను రోజులైంది. నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి మనవరాలు మా బీరువాకి అంటించి వెళ్ళింది. పైన "ఇక్కడ చూడ్డానికి ఉన్నవి" అని శీర్షిక. సోమారామం, తాతయ్య లెక్కపెట్టిన గూళ్ళు, నీరా, తేగలు, నానమ్మగారి దోనె, కొల్లేరు. అన్నీ కలిపి పదకొండు. అక్కడ వేళ్ళూ పదకొండేనట, సరిపోయిందని రాసింది. మొన్న విశాఖపట్నం నుంచి మా వారి స్నేహితుడొచ్చి అలవాటుగా అడిగారు. మా వారు నోరు తెరిచి, బీరువా వైపు చూసి, "ఎన్ని రోజులుంటారు ముందది చెప్పండి" అన్నారు.

పెద్దింట్లమ్మవారి జాతర ఫాల్గుణంలో వస్తుంది. మా అత్తగారు అప్పుడే పసుపుపచ్చ చీర ఒకటి పెట్టెలోంచి తీసి, ఎండలో ఆరేశారు.